మీ నాయనకు చెప్పు

నేను పుట్టకముందు మా ఇంట్లో మాటలు మోసే పని ఎద్దుదట. మా అమ్మ సంగటి కుండ దించి, కొట్టంలో కట్టేసిన ఎద్దు వైపు తిరిగి, "కూడు చల్లారిపోతా ఉంది, తినేవాళ్లు తినొచ్చు" అనేదట. ఆ పక్కనే తాడు పేనుతూ కూర్చున్న మా నాయన అదే ఎద్దుతో, "నాకేం తొందర లేదు" అనేవాడట. ఎద్దు ఇద్దరి మాటలూ విని నెమరు వేసుకునేదట. "నువ్వు పుట్టినాక దానికి శానా సుఖమైందమ్మా" అని మా అవ్వ చెప్పి చెప్పి నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఆ మాటకు నవ్వు రావడం ఆగిపోయింది నాకు పెళ్లయిన తర్వాతే.

మాది బర్గూరు దగ్గర ఊరు. మధ్యాహ్నం క్వారీలో మందు పేలితే మా ఇంట్లో గిన్నెలు కదిలేవి. నాయనకు కొద్దిగా చేను, కొన్ని గొర్రెలు ఉండేవి. వానలు తప్పిన ఏడు క్వారీ కూలికీ పోయేవాడు. మా పక్క ఇళ్లలో మొగుడూ పెళ్లాం అలిగితే ఒకరి మొహం చూసి ఒకరు మాట్లాడుకోరు. మధ్యలో బిడ్డను పెట్టుకుంటారు. ఎదురెదురుగా కూర్చుని ఉన్నా సరే, "మీ నాయనకు చెప్పు", "మీ అమ్మను అడుగు" అనే నడుస్తుంది. కొన్నాళ్లు అలా సాగి, ఎవరో ఒకరు ఉండబట్టలేక నవ్వేస్తారు. దాంతో అలక తీరిపోతుంది. అందులో తప్పేమీ లేదు, చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. మా ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు.

సంగతేమిటంటే, మా అమ్మ పుట్టింటి నుంచి తోలుకొచ్చుకున్న ఆవును నాయన ఒక్క మాటైనా అడగకుండా సంతలో అమ్మేశాడు. అమ్మ ఆయనతో మాట మానేసింది. నాయనేమో తనంతట తాను మాట్లాడితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని బిగుసుకుపోయాడు. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని, "ఒక బిడ్డ పడితే అన్నీ సరిపోతాయి" అని తేల్చారు. దాన్ని మా అవ్వ గొప్పగా చెప్పుకునేది. అంటే వాళ్లిద్దరినీ కలపడానికి నన్ను కన్నారు. మాటల్లేని ఇంట్లో బిడ్డ ఎలా పుట్టిందని నన్ను అడక్కండి. దానికి మాటలు అక్కర్లేదు కదా, అదే మా ఖర్మ.

నాకు మాటలు వచ్చీ రాగానే పనిలో పెట్టారు. "ఉప్పెక్కువైందని చెప్పు ఆమెకు" అని నాయన కంచం పక్కకు తోస్తే, నేను పొయ్యి దగ్గరికి పోయి, "అమ్మా, నాయన ఇంకొంచెం మజ్జిగ పొయ్యమంటాడు" అనేదాన్ని. "యాడికి పోతే నాకేమి, అడిగేదానికి నేనెవర్ని" అని అమ్మ అంటే, వాకిట్లోకి వచ్చి, "జాగ్రత్తగా పోయి రమ్మనింది నాయనా" అనేదాన్ని. అలా మార్చి చెప్పమని నాకు ఎవరూ నేర్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెబితే ఏమవుతుందో ఒకసారి చూశాను, అంతే.

మా ఇల్లెంత, ఒకటే గది. ఒకరు అన్నది ఇంకొకరికి వినబడుతూనే ఉండేది. నేను మార్చి చెబుతున్నానని ఇద్దరికీ తెలుసు. అయినా ఒక్కరోజూ ఎవరూ "నేనట్లా అనలేదు" అనలేదు. నేను చెప్పిన మాటకే జవాబు చెప్పేవాళ్లు. అమ్మ నిజంగానే మజ్జిగ పోసేది. ఇప్పుడు తలుచుకుంటే నాకు వాళ్ల మీద జాలి, కోపం రెండూ వస్తాయి. అంత చక్కగా వింటున్నవాళ్లు ఆ రెండు మాటలు తామే అనుకుంటే ఏం పోయింది?

నాకు జ్వరం వస్తే ఇల్లు మూగబోయేది. ఇద్దరూ నా చాపకు చెరో పక్కన కూర్చుని నేను ఎప్పుడు కళ్లు తెరుస్తానా అని చూసేవాళ్లు. నాకు తగ్గాలని చూస్తున్నారో, చెప్పుకోవాల్సినవి పేరుకుపోయి చూస్తున్నారో నాకు తెలిసేది కాదు. కృష్ణగిరిలో కాలేజీ హాస్టల్లో చేరాక కూడా నాకు ఆ పని తప్పలేదు. సాయంత్రం ఫోన్ చేస్తే అమ్మ ఎత్తి, "మీ నాయన మాత్ర వేసుకున్నాడో లేదో అడుగు" అని ఫోన్ తీసుకెళ్లి ఆయన పక్కన పెట్టేది. నేను అడిగేదాన్ని. ఆయన చెప్పేవాడు. మళ్లీ ఫోన్ అమ్మ చేతికి వచ్చేది. ఒకే గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు మాట చేరడానికి కృష్ణగిరి దాకా వచ్చి పోయేది. హాస్టల్లో పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు.

చదువయ్యాక హోసూరులో ఒక విడిభాగాల కంపెనీలో ఇన్‌స్పెక్షన్ పనిలో చేరాను. పెళ్లి కుదిరింది. అబ్బాయి ఇంకో కంపెనీలో మెషిన్ ఆపరేటర్. సంబంధం తెచ్చినవాళ్లంతా ఒకటే మాట. "బంగారం లాంటి పిల్లోడమ్మా, గట్టిగా ఒక మాటనడు." నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, నేనూ సంబరపడ్డాను. మత్తిగిరిలో పశువుల ఫారం దగ్గర చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఇద్దరికీ సెలవు కలిసిన ఆదివారం బండి మీద కెలవరపల్లి డ్యామ్ దగ్గరికి పోయి వేడి వేడి చేపలు తినేవాళ్లం. నేను వాగుతూ ఉంటే ఆయన ముల్లు తీసి చేప ముక్క నా ఆకులో పెట్టేవాడు. ఆ రోజులు నిజంగా బాగుండేవి, ఆ మాట దాచను.

మొదటిసారి ఆయన మాట మానేసింది చాలా చిన్న విషయానికి. ఉద్యోగం మానమని మా అత్త అంటే నేను మాననన్నాను. ఆమె ఊరికి పోయాక ఆయన నాతో మాట్లాడలేదు. కొట్టడు, తిట్టడు, తాగడు. వచ్చి తింటాడు, తన కంచం తానే కడుగుతాడు, షిఫ్టుకు పోతాడు. నేను ఎదురుగా నిలబడితే నా భుజం పక్కనుంచి గోడను చూస్తాడు. కంపెనీలో నా పక్క సీటు ఆమెకు చెప్పుకుంటే, "కంచం కూడా కడుగుతాడా? ఇంకేమి కావాల నీకు?" అంది. మౌనం అర్ధాంగీకారం అన్నవాడెవడో కాపురం చేసి ఉండడు. ఒక వారమంతా అలా గడిచాక, ఏమీ జరగనట్టు "కాఫీ ఉందా" అన్నాడు. అలాంటివి ఏడాదికి చాలాసార్లు వచ్చేవి. ప్రతిసారీ నేను మా ఊళ్లో ఆ ఒక్క గది ఇంట్లోకే తిరిగి పోయినట్టుండేది.

నాకు బిడ్డ కావాలి. ఇది తేటగా రాస్తున్నాను, ఎందుకంటే మా అత్త వైపు వాళ్లంతా నాకు బిడ్డలంటే గిట్టదనే అనుకున్నారు. కంపెనీ బస్సు కిటికీలోంచి, ఎవరి భుజం మీదో నిద్రపోయే పిల్లల మడమలు చూస్తూ నేను దిగాల్సిన స్టాపు దాటిపోయిన రోజులున్నాయి. అయినా బిడ్డ రాకుండా మాత్రలు వేసుకునేదాన్ని. ఆయనకు తెలిసే వేసుకునేదాన్ని. ఒక రోజు ఆయన మంచిగా ఉన్నప్పుడు కూర్చోబెట్టి అడిగాను.

"కోపమొస్తే తిట్టు. గిన్నె ఎత్తి పారెయ్యి. మాట మాత్రం ఆపొద్దు. ఇంగేమీ అడగను నిన్ను. నువ్వు నాతో మాట మానవని నాకు నమ్మకం కుదిరిన రోజు ఈ మాత్రలు పారేస్తాను."

"మాటదేముంది" అన్నాడాయన.

"అన్నీ దాంట్లోనే ఉన్నాయి" అన్నాను. ఆయన తలకాయ ఊపాడు. మా అమ్మానాయనల సంగతి, ఎద్దు సంగతి అన్నీ చెప్పాను. నవ్వాడు. అందరూ నవ్వుతారు దానికి.

ఊరికే అనకూడదు, ఆయన ప్రయత్నం చేశాడు. వారం ఉండేది రెండు రోజులైంది. ఒకసారి పొద్దున అలిగి సాయంత్రానికి తానే వచ్చి, "ఆ మాట నువ్వనకుండా ఉండాల్సింది" అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ డబ్బాలో ఉన్న మాత్రలు అయిపోతే ఇంక కొనకూడదని అనుకున్నాను. మనసులో పేర్లు కూడా వెతుక్కున్నాను. అప్పుడే మా అత్త వచ్చింది.

ఆమె చెడ్డమనిషి కాదు. నా తల దువ్వుతూనే అంది. "వాడట్లేనమ్మా, వాళ్ల నాయనా అట్లే. ఒక బిడ్డ పుడితే వాడే మాట్లాడతాడు. బిడ్డ కోసమన్నా నోరు తెరుస్తాడు, చూస్తా ఉండు."

మా ఊరి పెద్దమనుషులు తేల్చిన మాటే అది. నాకు మండింది. "బిడ్డ కోసం నోరు తెరిచేదొద్దత్తా, నోరు తెరిచినాక బిడ్డను కంటాను" అన్నాను. ఆయన గుమ్మంలో నిలబడి విన్నాడు. వాళ్లమ్మ ఎదురుగా అన్నానని ఆయనకు తల తీసేసినట్టయింది. అత్త మరుసటి రోజు బస్సెక్కింది. ఆయన మౌనంలోకి పోయాడు. అంత పొడుగు మౌనం అంతకుముందు లేదు.

ఆ రోజుల్లో మా పక్క పోర్షన్లో కర్నూలు వైపు నుంచి వచ్చిన జంట ఉండేది. ఇద్దరూ కంపెనీ పనే. వాళ్లకు ఒక పాప, ఇంకా ఒకటో తరగతికి రాలేదు. వాళ్లమ్మ పని నుంచి వచ్చేదాకా సాయంత్రాలు మా ఇంట్లోనే ఉండేది. నన్ను అత్తా అనేది, ఆయన్ని మామా అనేది. ఆయన దాన్ని బండి ముందు కూర్చోబెట్టుకుని ఫారం కంచె దాకా తీసుకెళ్లి ఆవుల్ని చూపించేవాడు. నాతో పలకని మనిషి దానితో ఎన్ని మాటలో. వంటింట్లో ఆ మాటలు వింటూ, ఎంత మంచి తండ్రి అవుతాడో అనుకునేదాన్ని. డబ్బాలో మాత్రలు అయిపోవచ్చాయి. కొనాలా వద్దా అని నేను కొట్టుమిట్టాడుతున్న వారం అది.

ఒక సాయంత్రం ఆయన చెప్పులేసుకుంటూ, నాకు వినబడేటట్టే అన్నాడు. "పాపా, మీ అత్తకు చెప్పు. నాకు కూడొద్దు, నేను బయట తినేస్తానని."

పాప వంటింటి గడప దాకా వచ్చి కాసేపు ఆగింది. ఆ ఆగడం నాకు తెలుసు. చిన్నప్పుడు మా ఇంట్లో నేనూ అలాగే ఆగేదాన్ని.

"అత్తా, మామ పరోటా తెస్తాడంట. నీక్కూడా తెస్తాడంట" అంది.

ఆయన గుమ్మంలో ఉన్నాడు, విన్నాడు. అలా అనలేదని చెప్పలేదు. బండి తీసుకుని వెళ్లిపోయాడు. పాప ముందు గదిలో బొమ్మలు గీసుకుంటూ మధ్యమధ్యలో వాకిలి వైపు చూస్తోంది. వాళ్లమ్మకు ఆ రోజు ఓవర్‌టైమ్. బండి చప్పుడు కాగానే అది లేచి గుమ్మంలోకి పరిగెత్తి ఆయన చేతుల వంక చూసింది. చేతుల్లో ఏమీ లేదు. ఆయన దాని తల నిమిరి లోపలికి పోయాడు.

పాప మెల్లగా నా దగ్గరికి వచ్చి, "అంగట్లో అయిపోయినాయంట అత్తా" అంది.

ఆయన నోరే తెరవలేదు.

నేను దాన్ని ఎత్తుకున్నాను. అది ఊపిరాడక, "వదులత్తా" అని గింజుకుంది. దానికి అన్నం పెట్టి, వాళ్లమ్మ వచ్చి తీసుకుపోయాక ఆయన గదిలోకి పోయాను. "ఎవరి బిడ్డో అది. దానికే ఇంత పని నేర్పించినావు. నా బిడ్డకు ఇంకెంత నేర్పిస్తావు?" అన్నాను. ఆయన గోడను చూశాడు. మర్నాడు డ్యూటీకి పోతూ మందుల అంగడి దగ్గర బస్సు దిగి మాత్రలు కొన్నాను. కొని, ఆ అంగడి ముందు నిలబడే ఏడ్చాను. అంగడతను కుర్చీ వేశాడు.

ఆ పాప వాళ్లు తర్వాత వాళ్ల ఊరికే పోయారు. మా ఇంటికి వచ్చే చుట్టాలు మొదట "ఇంకా ఏమీ లేదా" అని అడిగేవాళ్లు, తర్వాత గుడుల పేర్లు చెప్పేవాళ్లు, ఆ తర్వాత ఏమీ అడగలేదు. అడగడం మానేసినప్పుడే ఎక్కువ నొప్పి. ఆయన మారాడు. మారలేదంటే నా నోట్లో పురుగులు పడతాయి. కానీ రాయి అరిగినట్టు మారాడు, ఏళ్లు పట్టింది. మొదట "కోపంగా ఉండాను, రేపు మాట్లాడతా" అనడం నేర్చుకున్నాడు. నాకు అదే పెద్ద వరం అనిపించింది. ఆ తర్వాతే నేను మాత్రలు పారేశాను. అప్పటికి నా తలలో తెల్లవెంట్రుకలు వచ్చాయి. నెలలు గడిచాయి, ఏమీ కాలేదు. హోసూరులో డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, "ఇంక ఆశ పెట్టుకోవద్దు, కొన్నేళ్ల ముందు వచ్చుంటే బాగుండేది" అంది. ఎందుకు రాలేదని అడిగింది. ఆయన నా వైపు చూశాడు. నేను టేబుల్ మీది గాజు పలకను చూశాను.

ఆ మరుసటి ఏడు నాయనకు పక్షవాతం వచ్చింది. కృష్ణగిరి ఆసుపత్రిలో చేర్చాం. ఒక పక్క పడిపోయింది, మాట పోయింది. అమ్మ మంచం పక్కనే స్టూలు మీద కూర్చుంది. నేను తలవైపు, మా ఆయన కాళ్ల వైపు నిలబడి ఉన్నాం. మధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ సూటిగా మంచం మీద పడుతోంది.

"మీ నాయన్ని అడగమ్మా, నీళ్లు తాగుతాడేమో" అంది అమ్మ.

ఆయన మాట్లాడలేడని ఆమెకు తెలుసు. నేను నాయన మొహంలోకి వంగి అడిగాను. ఆయన కళ్లు ఒక్కసారి అమ్మ వైపు తిరిగాయి. "తాగుతాడంటమ్మా" అన్నాను. అమ్మ చెంచాతో పెదాలు తడిపింది. చెంగు చివర మెలితిప్పుతూ, నాతోనే అంది.

"చెప్పు మీ నాయనకు. ఆ ఆవు సంగతి నేను మరిచిపోయినానని."

నేను చెప్పాను. ఆయన కళ్లు మూసే ఉన్నాయి. విన్నాడో లేదో నాకు తెలియదు. అమ్మ మాత్రం నా మొహమే చూస్తోంది.

"ఏమన్నాడు?"

"నిన్ను అడిగి అమ్మాల్సింది అంటాడమ్మా. తప్పు తనదేనంట."

అమ్మ చెంచా పక్కన పెట్టింది. "మీ నాయన అట్లా అనడు" అంది. "చిన్నప్పటి నుంచి నువ్వు చెప్పేటివన్నీ ఇట్లాంటివే."

ఆ మాట కోసం నేను ఇన్నేళ్లు ఎదురుచూశానని అప్పుడే తెలిసింది. అమ్మ స్టూలు మీంచి లేచింది. నన్ను పక్కకు జరిపింది. ఆయన చెవి దగ్గరికి వంగి, తానే, "ఇదో. వింటా ఉండావా?" అంది. నేను పుట్టినప్పటి నుంచి ఆమె ఆయనతో అన్న మొదటి మాట అదే. జవాబు కోసం అలాగే వంగి ఉంది. నర్సు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, అమ్మ భుజం మీద చెయ్యి వేసేదాకా వంగే ఉంది.

కర్మలన్నీ అయ్యాక అమ్మను మా అవ్వ వైపు చుట్టాల దగ్గర కొన్నాళ్లు ఉంచి, మేమిద్దరం హోసూరుకు బయల్దేరాం. దారిలో మా ఆయన ఒక టీ అంగడి దగ్గర బండి ఆపాడు. గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు.

"బిడ్డ వద్దని నువ్వు ఎందుకన్నావో ఇప్పుడు తెలిసింది నాకు" అన్నాడు.

"వద్దని నేను ఎప్పుడన్నాను? మాట్లాడమని అన్నాను."

"అవును. మాట్లాడమనే అన్నావు" అన్నాడు. లారీలు పోతున్న రోడ్డు వైపు తిరిగి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే. నేను ఊరడించలేదు. నా వల్ల కాలేదు.

మొన్న మా ఇద్దరికీ మళ్లీ మాటామాటా వచ్చింది. ఆయనకు చెప్పకుండా వాళ్ల తమ్ముడికి నేనేదో మాటిచ్చాను, అదీ గొడవ. తప్పు నాదే అనుకోండి. ఆయన డ్యూటీ నుంచి వచ్చి, మొహం ఎర్రగా చేసుకుని ముందు గదిలో నిలబడ్డాడు. ఆయన కళ్లు పాత అలవాటుగా అటూ ఇటూ వెతికాయి, ఎవరైనా ఉన్నారా అన్నట్టు. ఎవరూ లేరు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"నీ మీద శానా కోపంగా ఉంది నాకు. కూడు పెట్టు, తినేసి తిడతాను."

నేను అన్నం వడ్డించాను. ఆయన తిన్నాడు. చెప్పినట్టే తర్వాత తిట్టాడు కూడా. పాతవీ కొత్తవీ అన్నీ తవ్వి, నా మొహంలోకి చూస్తూ, చాలాసేపు తిట్టాడు. నేను బిడ్డను కనాలనుకున్న ఇల్లు ఇదే కదా అనుకుంటూ, ఎదురుగా కూర్చుని విన్నాను.